నీళ్ళలో మునిగిన కొర్రమట్ట

నా చిన్నప్పుడు, అమ్మకు మళ్ళీ ఊపిరి అందడం లేదన్న కబురు నాకు మొదట తెచ్చింది మా పక్కింటి అక్క. శామీర్‌పేట చెరువు కట్ట దిగువన మా మడిలో ఆ రోజు నాట్లు పడుతున్నాయి. ఇంట్లో అమ్మ బాలింత. తమ్ముడు పుట్టి పురుడు కూడా ఇంకా వెళ్ళలేదు. చిన్నపిల్లను, ఇంట్లో ఉంటే కాళ్ళకు అడ్డమని నన్ను నాట్లు వేసే ఆడవాళ్ళ వెంట పంపించారు. గట్టు మీద కూర్చుని నారు కట్టలు అందిస్తూ, వాళ్ళు పాట ఎత్తుకుంటే నేనూ గొంతు కలుపుతూ ఉన్నాను. అంతలో కట్ట మీది నుంచి అక్క దిగి వచ్చింది. నెత్తిన చేపల గంప ఉంది, చంక మాత్రం ఖాళీగా ఉంది. ఎప్పుడూ చంకన వేలాడే తన పసివాణ్ణి ఎక్కడో వదిలి వచ్చిందని చూడగానే, ఏదో అయిందని నాకు అర్థమైంది.

"పా సెల్లె, ఇంటికి పోదాం. మీ అవ్వ తోల్కరమ్మన్నది. సిన్నమ్మకు జర దమ్ము లేశింది" అంది.

ఆ 'జర' అన్నది నా కోసం కలిపిన మాట. అమ్మకు ఉబ్బసం ఉండేది. ప్రతి యేడూ ముసురు పట్టగానే నాలుగు రోజులు కూర్చుని నిద్రపోయేది, మళ్ళీ లేచి పనిలో పడేది. ఈసారి కాన్పు కూడా వానల్లోనే వచ్చింది. నాయిన మందు కోసం మేడ్చల్ వెళ్ళాడు. ఇంట్లో అమ్మ దగ్గర అవ్వ, అంటే నాయిన తల్లి, ఒక్కతే ఉంది.

ఆ అక్క గురించి చెప్పాలి. మా పెరటి గోడకు అవతల చేపలు పట్టే వాళ్ళ ఇల్లు. ఆ ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు ఆమె. ఇరవై ఏళ్ళు కూడా ఉండవేమో. సన్నగా, ఎండకు కమిలిన రంగులో ఉండేది, నవ్వితే కళ్ళు ముందు నవ్వేవి. మా ఇల్లు చూస్తే తులసిమాలలు వేసుకున్న ఇల్లు. నాయిన పొద్దున స్నానం చేసి భజన పాడందే నాగలి పట్టేవాడు కాదు. నాకు అక్షరాలు కూడా ఆయనే, ఇసుకలో వేలు పెట్టి రాయించి, ఇంట్లోనే నేర్పాడు. మా గడప చేప వాసన ఎరగదు. అయినా గోడకు ఇటు నుంచి మజ్జిగ, అటు నుంచి చెరువు ముచ్చట్లు రోజూ దాటుతూనే ఉండేవి.

కట్ట ఎక్కేసరికి నాకు ఏడుపు ఆగలేదు. పరుగెత్తబోతే అక్క నా రెట్ట పట్టుకుంది. వాన పడి కట్ట జారుతోంది, పరుగెత్తితే పడతానని ఆమె భయం. పైగా ఏడుపు ముఖంతో అమ్మ ముందు నిలబడకూడదని కూడా అనుకుందేమో. అదేమీ చెప్పకుండా గంప దించి, ఒక చేపను తీసి, ఒళ్ళంతా అరచేత కప్పి, నోరొక్కటే కనబడేట్టు పట్టుకుంది.

"గీ నోరు సూడు. మీదికున్నదా, కిందికున్నదా?"

"కిందికి" అన్నాను ముక్కు ఎగబీలుస్తూ.

"ఐతె ఏడ తింటది?"

ఏడుస్తూ ఆలోచించడం కష్టం. ఏడుపే ఆపాల్సి వచ్చింది. "అడుగుకా? బురదల?"

"షాబాష్! మరి గీ మీసాలెందుకు? పటేల్ తీర్గ తిప్పనీకా?"

నాకు నవ్వు వచ్చింది. ఆమె చెప్పింది, అది జెల్ల చేప అని, అడుగున బురద నీళ్ళలో కళ్ళు కనబడవు కాబట్టి మీసాలతో తడుముకుంటూ తిండి వెతుక్కుంటుందని. గుడ్డివాడి చేతికర్ర లాంటివట ఆ మీసాలు. తర్వాత ఒక పరక చేపను చూపించింది. దాని నోరు పైకి తిరిగి ఉంది. నీళ్ళ మీద వాలే పురుగుల కోసం కింద నుంచి పైకి చూస్తూ బతికే చేపకు నోరు పైకి కాక మరెక్కడ ఉండాలి అంది. అలా నడుస్తూ, ఆగుతూ, ఇంటి దాకా నా చేత ఆ ఆట ఆడించింది. చెరువు అంచున ఒంటికాలి మీద నిలబడ్డ కొంగను చూపించి, ఆ కాళ్ళు చూసి నవ్వుతాం గాని అంత పొడుగు లేకపోతే రెక్కలు తడిసి ఎగరలేక చస్తుంది అంది. బుడుబుంగ పిట్ట ఒకటి గట్టెక్కబోయి ముందుకు తూలింది. దాని కాళ్ళు ఒంటికి మరీ వెనకగా, తోక దగ్గర ఉంటాయి.

"నీళ్ళల్ల దుమికినంక సూడాలె దాన్ని, బాణం లెక్క పోతది. గట్టు మీద మాత్రం సూడు, కల్లు ఎక్కువైనోని తీర్గ" అని, తనే ఒకసారి తూలి చూపించింది. నేను నవ్వాను. అప్పుడు నా తల నిమిరి అంది, "ఒళ్ళు సూస్తె బతుకు తెలుస్తది సెల్లె. ఎవల బతుక్కు తగ్గ ఒళ్ళు వాళ్ళకిచ్చిండు దేవుడు. బతుకు తెల్వకుంట ఒళ్ళు సూసి నవ్వొద్దు, జాలీ పడొద్దు."

గంప అడుగున తడిబట్టలో చుట్టిన ఒక చేప మాత్రం ఇంకా కదులుతోంది. మిగతావన్నీ ఎప్పుడో చచ్చిపోయాయి. అది పాములాంటి తలతో, నల్లగా, బలంగా ఉంది. ఇదెట్లా బతికుందని అడిగాను. "అది కొర్రమట్ట. మొండిది. తడి ఉంటె సాలు, గంపలనన్న బతుకుతది" అని మాత్రం చెప్పింది. అప్పటికి మా వాకిలి వచ్చేసింది.

ఇంట్లో బాలింత గదిని మా అవ్వ ఎంత పకడ్బందీగా మూసిందో ఈ కాలం వాళ్ళకు చెప్పినా నమ్మరు. కిటికీలో గోనెసంచులు కుక్కింది. తలుపుకు నల్ల గొంగడి వేలాడదీసింది. లోపల మంచం పక్కన కుంపటి, దాని మీద వెల్లుల్లి పొట్టు, వాము, సాంబ్రాణి. అమ్మ తలకు బట్ట చుట్టి, చెవుల్లో దూది పెట్టి, రెండు దుప్పట్లు కప్పారు. అవ్వది క్రూరత్వం అనుకోకండి. అవ్వ కూతురు, అంటే నా మేనత్త, తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి బాలింతగానే పోయిందట. గాలి సోకి సన్నిపాతం కమ్మిందని అందరూ అన్నారట. ఆ రోజు ఎవరో తలుపు తీసి ఉంచారట. అప్పటి నుంచి అవ్వకు గాలి అంటే శత్రువు. కోడలిని కూతురి కంటే ఎక్కువగా చూసుకునేది, అందుకే ఆ శత్రువు రాకుండా ఒక్క సందు కూడా మిగల్చలేదు.

నన్ను లోపలికి రానివ్వలేదు. గొంగడి కొంచెం పక్కకు తీసి చూపించింది. పొగలో అమ్మ ముఖం కనబడలేదు గాని చప్పుడు వినబడింది. కమ్మరి కొలిమి దగ్గర చిరిగిన తోలుతిత్తిని ఊదినట్టు, లోపలికి ఒక కూత, బయటికి ఒక కూత. అమ్మ చెయ్యి దుప్పటి లోంచి బయటకు వచ్చి తలుపు వైపు లేచింది.

"వస్తడు బిడ్డా, వస్తడు. మేడ్చల్ పోయిండు, మందు తెస్తడు. నువ్వు పరేషాన్ కాకు" అంది అవ్వ, ఆ చెయ్యి తీసి మళ్ళీ దుప్పటిలో పెడుతూ. నాయిన కోసం చూస్తోందని అనుకుంది. నేనూ అదే అనుకున్నాను.

తమ్ముడికి పాలు లేవు. అమ్మ ఒంట్లో ఊపిరికే బలం చాలడం లేదు, ఇక పాలెక్కడివి? వాడు పుట్టిన మూడో నాటి నుంచి పక్కింటి అక్కే తన పిల్లవాడితో పాటు వాడికీ పాలిచ్చేది. మొదటి రోజు అవ్వ తటపటాయించింది. చేపలు తినే ఒళ్ళు, మాలలు వేసుకున్న ఇల్లు. కాని గుక్కపట్టి ఏడుస్తున్న పసివాడి ముందు ఆ ఆలోచన ఎంతసేపు నిలుస్తుంది? "గంగమ్మ బిడ్డవు నువ్వు. నీ పాలకేం మైల" అని, ఆమెకు చెప్పినట్టుగా తనకు తానే చెప్పుకుని, గోడ మీది నుంచి పిల్లవాణ్ణి అందించింది. అక్క వాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. రొమ్ము అందించి, అవ్వకు కనబడకుండా అటు తిరిగి కూర్చుంది.

ఆ సాయంత్రం మంత్రసాని వచ్చి అమ్మను చూసి, కొర్రమట్ట పులుసు పోస్తే ఒంట్లో సత్తువ వస్తుందని, పాలు కూడా పడతాయని చెప్పింది. మా ఇంట్లో చేప మాట ఎత్తడమే అపచారం. అవ్వ దేవుడి గూటి ముందు చాలాసేపు కూర్చుంది. లేచి వచ్చి పెరటి గోడ దగ్గర నిలబడి అక్కను పిలిచింది. పులుసు అక్క పొయ్యి మీదే కావాలని, గిన్నె మాత్రం మా గడప దాటి వస్తుందని మాట్లాడుకున్నారు. కాని తెల్లవారితే ఏకాదశి. ఆ పూట తన ఇంటి కోసం ఒక ప్రాణం పోవడానికి అవ్వ మనసు ఒప్పలేదు. ఏకాదశి గడిచాక వండుదామంది.

"ఐతె మా ఇంట్లనే ఉంచుత తియ్యవ్వా, బతికే ఉంటది" అంది అక్క.

"వద్దు పిల్లా, ఇటియ్యి. నా కోడలి కోసం పానం ఇస్తున్నది. పోయే ముందుగాల ఒక్క దినమన్న నా ఇంట్ల సుఖంగ ఉండనీ."

చేపను వండించుకోబోతూ దానికి అతిథి మర్యాద చేయాలనుకోవడం, మా అవ్వ లాంటి మనిషికే తోస్తుంది. అక్క కడవలో సగం నీళ్ళు పోసి కొర్రమట్టను వేసి గోడ మీది నుంచి ఇచ్చింది. "ఎగురుతది, పైలం. మూత పెట్టుండ్రి" అని చెప్పింది. అంతకు మించి చెప్పాల్సింది ఏదైనా ఉందని ఆమెకు తోచలేదు. పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతిని ఎవరికైనా చెప్పాలని మనిషికి తట్టదు కదా.

అవ్వ కడవలోకి తొంగి చూసింది. సగం నీళ్ళలో చేప వంకర తిరిగి ఉంది. "అయ్యో, ఇంత పెద్ద పానానికి ఇన్నే నీళ్ళా!" అని బాధపడింది. బావి నుంచి తాజా నీళ్ళు తోడి అంచు దాకా, ఒలికే దాకా పోసింది. నాలుగు బియ్యపు గింజలు వేసింది. ఎగిరి పడకుండా కంచం బోర్లించి, దాని మీద పచ్చడి నూరే బండ పెట్టింది. కడవకు పసుపు బొట్టు కూడా పెట్టింది. నాకు ఎంతో సంతోషమైంది. బయట సన్నగా వాన పడుతోంది, గదిలో అమ్మ ఊపిరి కూత పెడుతోంది, కాని ఆ కడవ నిండుగా, బొట్టుతో, పండుగ కలశంలా ఉంది. అమ్మకు నయమవుతుందని ఆ కడవను చూసే నేను నమ్మాను.

తెల్లారి అవ్వ స్నానం చేసి, పూజ ముగించి, తడి చీరతోనే వచ్చి బండ తీసి కంచం లేపింది. కొర్రమట్ట తెల్లటి కడుపు పైకి పెట్టి తేలుతోంది.

అవ్వ అక్కడే కూలబడింది. ఏకాదశి పూట, తన ఇంట్లో, తన చేతుల్లో ప్రాణం పోయింది. ఆమె భయం ఆ చేప కోసం మాత్రమే కాదని నాకు కూడా తెలిసింది. ఆమె చూపు చేప మీది నుంచి లేచి గొంగడి వేలాడే తలుపు మీద వాలింది. "సూసినవా పాండురంగా, గీ సూచన ఎందుకు పంపినవు" అని పెదవుల్లోనే అనుకుంది. నన్ను గోడ దగ్గరికి తోలింది. నేను ఏడుస్తూ అక్కను పిలిచాను.

అక్క తన పిల్లవాణ్ణి చంకనేసుకుని వచ్చింది. కడవ వంక ఒక్కసారి చూసింది. చేపను కాదు, అంచు దాకా ఉన్న నీళ్ళను. నెమ్మదిగా కింద కూర్చుంది.

"నీళ్ళు నువ్వు నింపినవా అవ్వా?"

"నిండుగ పోసిన బిడ్డా. సేప గద. నీళ్ళుంటెనే గద బతికేది. మంచి బాయి నీళ్ళు."

అక్క కడవలో చెయ్యి పెట్టి చేపను తడిమింది. ఆ తర్వాత ఎంతో మెల్లగా, పెద్దావిడ మనసు నొవ్వకుండా ఎలా చెప్పాలో తెలియని గొంతుతో చెప్పింది. "ఇది నీళ్ళల్ల మునిగి సచ్చిందవ్వా."

అంత దుఃఖంలోనూ నాకు అది వింతగా అనిపించింది. "సేప మునుగుడేందక్కా?" అని అడిగాను. అక్క పిల్లవాణ్ణి నేల మీద కూర్చోబెట్టి, చేపను బయటికి తీసి, చెంప మీది మూతలాంటి డొప్పను వేలితో ఎత్తి చూపించింది. లోపల ఎర్రటి దువ్వెన పళ్ళలాంటి పొరలున్నాయి.

"గివ్విట్ల నుంచే సేపలన్ని నీళ్ళల్ల ఊపిరి దీస్తయి. దీనికి గివి సాలయి. ఎండకాలం సెరువు ఇంకుతది సూడు, గప్పుడు మిగిలిన సేపలన్ని సస్తయి, ఇది బురదల బతుకుతది. గా బురద నీళ్ళల్ల గాలి ఉండది. గందుకని దేవుడు దీనికి తలకాయల, గీ పొరల మీద, ఇంకో గూడు ఇచ్చిండు. జరసేపు కాంగనె మీదికొచ్చి ఒక్క గుటక గాలి మింగి గా గూట్ల నింపుకుంటది. మనం ఊపిరి దీసినట్టే. మీద జాగ లేకుంటె…"

తలవంచుకుని, "సగం నీళ్ళే ఎందుకు పోసిన్నో నేను సెప్పకపోతి. ఇది సెప్పే ముచ్చటని నాకు యాదికే రాలేదవ్వా" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గదిలోంచి తిత్తి చప్పుడు వినబడుతూనే ఉంది. లోపలికి ఒక కూత, బయటికి ఒక కూత. నా ముందు ఆ చేప తల, మూత ఎత్తిన చెంప. నేను అడిగింది తెలివితో అడిగిన మాట కాదు. పిల్లలకు ఒకదాని పక్కన ఒకటి కనబడితే రెండూ కలిపి అడుగుతారు, అంతే.

"అవ్వా, అమ్మ తలుపు దిక్కే సెయ్యి లేపుతది గదా. నాయిన కోసమేనా?"

అవ్వ నా వైపు చూసింది. ఆ చూపు నేను ఇప్పటికీ వర్ణించలేను. లేచి, నడుముకు కొంగు బిగించి, ఒక్క విసురున తలుపు మీది గొంగడి లాగేసింది. కిటికీలోని గోనెసంచులు పెరికి వాకిట్లో పడేసింది. కుంపటిని చేతులు కాలుతున్నా లెక్కచేయకుండా బయటకు ఈడ్చింది. చప్పుడుకు వచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళలో ఒకామె, "ఏం జేస్తున్నవు పెద్దవ్వా, సన్నిపాతం కమ్ముతది, నీ బిడ్డ ముచ్చట మరిసినవా" అంది.

"మరువలే. కమ్మితె కమ్మనీ. ముందుగాల దాన్ని ఊపిరి దీసుకోనీ" అంది అవ్వ. కూతురిని మింగిందని నమ్మిన గాలినే కోడలి కోసం చేతులారా ఇంట్లోకి పిలవడానికి ఎంత ధైర్యం కావాలో, నేను తల్లినయ్యాక గాని నాకు అర్థం కాలేదు.

అవ్వ ఒక పక్క, అక్క ఒక పక్క పట్టుకుని అమ్మను లేపి ఇంటి ముందరి సాయబాను పంచలో మంచం మీద కూర్చోబెట్టారు. వెనక పరుపు చుట్ట పెట్టారు. పడుకుంటే ఊపిరి మరీ అణిగిపోతుందని అక్క పడుకోనివ్వలేదు. వాన వెలిసింది. చెరువు మీది నుంచి చల్లటి గాలి వస్తోంది. అమ్మ నోరు తెరిచి, భుజాలు ఎగరేస్తూ, ఆ గాలిని గుటకలు గుటకలుగా తాగింది. చాలాసేపటికి కూత కొద్దిగా తగ్గింది. కళ్ళు తెరిచి అవ్వను చూసింది.

"సేత్తోటి తలుపు తీయుమన్న గద అత్తమ్మా. ఎన్ని దినాల సంది సెప్తున్న" అంది. కోపం లేదు. చంటిపిల్ల అడిగినట్టు అడిగింది.

అవ్వ కోడలి పాదాల దగ్గర తల ఆనించి ఏడ్చింది. మా ఇంట్లో ఒక పెద్దావిడ అలా ఏడవడం నేను చూడడం అదే మొదటిసారి. అమ్మ ఆ నెరిసిన తల మీద చెయ్యి వేసింది. మాట్లాడడానికి ఊపిరి లేక, ఊరికే నిమురుతూ ఉంది.

మధ్యాహ్నానికి నాయిన మందు తెచ్చాడు. ఆ పొడి తేనెలో కలిపి నాకించారు. మందూ పనిచేసే ఉంటుంది, గాలీ పనిచేసే ఉంటుంది. ఏది ఎంత అని నేను తూచలేను. రెండూ భగవంతుడు పంపినవే అనుకుంటాను. అవ్వ ఆ కొర్రమట్టను పెరట్లో గుంట తీసి పాతిపెట్టింది. మళ్ళీ చేప మాట ఎత్తలేదు.

ఆ తర్వాత కొన్ని నెలలు అమ్మ మాతో ఉంది. నా బతుకులో అమ్మతో ఎక్కువగా మాట్లాడింది ఆ నెలల్లోనే. అంతకు ముందు ఆమెకు పని, నాకు ఆట. ఇప్పుడు ఆమె సాయబానులో మంచం మీద, నేను మంచం పట్టె మీద. అక్క నేర్పిన ఆటను నేను అమ్మతో ఆడేదాన్ని. దేని నోరు ఎక్కడుంది, దేని కాళ్ళు ఎలా ఉన్నాయి, అయితే అది ఎక్కడ బతుకుతుంది? బుడుబుంగలా తూలి చూపిస్తే అమ్మ నవ్వేది, నవ్వితే దగ్గు వచ్చేది, అవ్వ నన్ను కసిరేది, అమ్మ మళ్ళీ చేసి చూపించమనేది.

ఒకసారి అడిగాను. "మరి మనిషికి సేతులెందుకమ్మా?"

"పనికి" అంది ముందు. తర్వాత వాకిట్లోకి చూసింది. అక్క మా తమ్ముణ్ణి ఒళ్ళో వేసుకుని పాలిస్తోంది, తన పిల్లవాడు పక్కన మట్టిలో పాకుతున్నాడు. అమ్మ చాలాసేపు అటే చూసి, "పరాయి బిడ్డను ఎత్తుకోనీకి" అంది.

బతుకమ్మ నాడు అమ్మ మంచం మీద కూర్చునే తంగేడు పూలు పేర్చింది. చలి మొదలయ్యాక, పొద్దున చెరువు మీది నుంచి మంచు లేచే రోజుల్లో, జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. ఈసారి మా ఇంట్లో ఎవరూ ఒక్క తలుపు కూడా మూయలేదు. చలికి మేమందరం వణికాం గాని మూయలేదు. ఒక పొద్దున, ఎండ అప్పుడే వాకిట్లోకి దిగుతుండగా, అవ్వ భుజం మీద తల పెట్టుకుని, చెరువు వైపు ముఖం పెట్టి అమ్మ వెళ్ళిపోయింది. ఊపిరి పీల్చింది, వదల్లేదు. అవ్వకు మాకంటే ముందే తెలిసింది. అయినా చాలాసేపు కదలకుండా, కోడలిని కూర్చోబెట్టి, అలాగే పట్టుకుని ఉంది.

తలుపు తీసినందువల్ల మా అమ్మ బతకలేదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆమె ఒళ్ళు అప్పటికే అలిసిపోయింది. కాని ఆ పొగ గదిలో, ఎవరికీ అర్థం కాని చెయ్యి ఎత్తి ఎత్తి పోవాల్సిన మనిషి, ఆకాశం చూస్తూ, పిల్లలను చూస్తూ కొన్నాళ్ళు ఉండి పోయింది. ఆ కొన్నాళ్ళే నాకు అమ్మ. అవి లేకపోతే అమ్మ అంటే నాకు పొగలో ఒక చప్పుడు మాత్రమే మిగిలేది. అందుకు నేను రోజూ దేవుడి ముందు చేతులు జోడిస్తాను.

మా అవ్వ ప్రేమలో లోపం లేదు. అంచు దాకా పోసింది, ఒక్క చుక్క దాచుకోలేదు. కాని ఎదుటి ప్రాణి ఎలా ఊపిరి తీస్తుందో అడగకుండా పోసింది. నా పిల్లల్ని పెంచినా, ముసలితనంలో అత్తగారికి సేవ చేసినా, కోడళ్ళ కాన్పులు చూసినా, ఆ రోజు నుంచి నేను ముందు అడగడం నేర్చుకున్నాను. నీకు ఏం కావాలి అని అడుగుతాను. మాట రాని వాళ్ళయితే చెయ్యి ఎటు లేస్తుందో చూస్తాను. నాకు మంచిదనిపించింది వాళ్ళకు మంచిది కాకపోవచ్చని ఒక క్షణం ఆగుతాను. ఎన్నోసార్లు తప్పాను కూడా. ఆగాలని గుర్తుండడమే నాకు దక్కింది.

ఆ పక్కింటి అక్క మా తమ్ముడు అన్నం ముద్ద మింగే దాకా వాడికి పాలిచ్చింది. వాడికిప్పుడు మనవళ్ళున్నారు, కొంపల్లిలో కొడుకు దగ్గర ఉంటాడు. ఊళ్ళలో గడబిడ మొదలై జనం చెల్లాచెదురైన యేడు ఆ ఇంటివాళ్ళు చుట్టాలున్న మరో చెరువుకు తరలిపోయారు. ఏ చెరువో మాకు తెలియలేదు. పొద్దున లేచి చూస్తే గోడ అవతల పొయ్యి చల్లారి ఉంది. నాయిన అడగని చోటు లేదు. ఆమె ఏ గట్టున బతికిందో, ఎప్పుడు కాలం చేసిందో నాకు తెలియదు. ఆమె పేరు కూడా తెలియదు. ఆ రోజుల్లో కోడలికి పేరెక్కడిది? ఊరంతా ఫలానా వాళ్ళ కోడలనేది, నేను అక్కా అనేదాన్ని. అడగాలని తోచే వయసు వచ్చేసరికి అడగడానికి మనిషి లేదు.

అందుకని ఇది చదివిన మీ అందరికీ ఒక విన్నపం. మీరు మీ ఇంట్లో దీపం పెట్టేటప్పుడో, నమాజు చేసుకునేటప్పుడో, ఏదీ లేకపోతే ఊరికే కూర్చున్నప్పుడో, శామీర్‌పేట చెరువు గట్టున పరాయి బిడ్డకు పాలిచ్చిన ఆ అక్కను ఒక్కసారి తలుచుకోండి. పేరు అక్కర్లేదు. నేను ఎన్నాళ్ళుంటానో తెలియదు, నా తర్వాత ఆమె ముఖం గుర్తుండి తలిచేవాళ్ళు లేరు.